వచ్చే శీతాకాలానికి టమాటా రకం ఎంచుకోవడం ఎలా? మిద్దెతోట వారికి సమగ్ర మార్గదర్శి

ఆషాఢం దాటుతుండగానే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఈసారి ఏ టమాటా పెట్టమంటారు?" ఏదో ఒక పేరు చెప్పేయవచ్చు. కానీ హైదరాబాద్‌లో మా మేడ మీద గంపలకొద్దీ కాసిన రకమే విజయవాడలో మా చెల్లెలి ఇంట్లో పూతంతా రాల్చేసింది. విత్తనం ఒకటే, ప్యాకెట్ కూడా ఒకటే. తను నాటిన నెల, అక్కడి రాత్రి ఉక్క ఆ రకానికి పడలేదు.

అందుకే రకం పేరు చివర్లో తేలాలి. అంతకంటే ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. పూత ఏ రోజుల్లో వస్తుంది? మొక్కకు చోటెంత ఉంది? వంటింట్లో దేనికి వాడతారు? నిరుడు మొక్కలు దేనితో పోయాయి? ఈ వరుసలోనే వెళ్లండి. చాలామంది ప్యాకెట్ మీది బొమ్మతో మొదలుపెడతారు. తర్వాత ఆ బొమ్మకు తగ్గట్టు మేడను మార్చలేక ఇబ్బంది పడతారు.

1. ముందు ఒక కాగితం మీద రాసుకోండి

విత్తనాల దుకాణానికి వెళ్లే ముందు ఈ వివరాలు చేతిలో ఉండాలి. అరగంట పని.

– ఎండ పడే చోట్లు ఏవి? రోజుకు కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ ఉండాలి. నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ పొద్దున ఎక్కడిదాకా వస్తుంది, సాయంత్రం ఎక్కడిదాకా వస్తుంది?
– టమాటాకు ఎన్ని కుండీలు లేదా గ్రో బ్యాగులు కేటాయించగలరు? వాటి సైజు ఎంత?
– పందిరికి, ఊత కర్రలకు వీలుందా? గాలి బాగా కొట్టే మేడా?
– వారానికి ఇంట్లో ఎన్ని కిలోల టమాటా వాడతారు?
– నిరుడు ఏ రకం పెట్టారు? ఏ నెలలో నాటారు? ఎందుకు పోయింది?

నీడ లెక్క ఆగస్టులో వేసినది డిసెంబరులో తప్పుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలుతాడు, నీడలు ఉత్తరం వైపు బాగా సాగుతాయి. దక్షిణాన ఎత్తైన గోడ ఉంటే దాని నీడలోకి వచ్చే చోటును టమాటాకు ఇవ్వకండి. ఆకుకూరలకు వదిలేయండి.

2. పూత ఎప్పుడు వస్తుందో లెక్కగట్టండి

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. టమాటా విషయంలో పగటి ఎండ కంటే రాత్రి వేడి ఎక్కువ నిర్ణయిస్తుంది. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పూత నిలిచి పిందె పడుతుంది. రాత్రి 24 దాటినా, పగలు 35 దాటినా పుప్పొడి దెబ్బతింటుంది. పూలు కాడ దగ్గర పసుపు తిరిగి రాలిపోతాయి. రాత్రి 10 కంటే దిగువకు పడినా పిందె సరిగా పట్టదు.

లెక్క ఇలా వేయండి:

– విత్తిన దగ్గర నుంచి నారు నాటడానికి సుమారు 25 రోజులు
– నాటిన దగ్గర నుంచి పూతకు 25 నుంచి 30 రోజులు
– పూత నుంచి పండుకు 40 నుంచి 45 రోజులు

ఆగస్టు 20న విత్తితే సెప్టెంబరు మధ్యలో నాటతారు. అక్టోబరు మధ్యలో పూత, నవంబరు చివర తొలి పండు. హైదరాబాద్‌లో అక్టోబరు మధ్యకు రాత్రులు 20 దగ్గరకు దిగుతాయి కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. అదే రోజున విజయవాడలోనో విశాఖలోనో విత్తితే పూత వచ్చేసరికి అక్కడ రాత్రులు ఇంకా ఉక్కగానే ఉంటాయి. మా చెల్లెలి విషయంలో జరిగింది ఇదే.

ప్రాంతాల వారీగా నేను చెప్పే తేదీలు ఇవి:

హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ వైపు: ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 10 లోపు విత్తండి. కార్తెల లెక్కలో చెప్పాలంటే మఖ, పుబ్బల్లో విత్తి, హస్త ముగిసేలోపు నాటేయాలి.

ఆదిలాబాద్ వైపు: ఆగస్టు మొదటి వారంలోనే మొదలుపెట్టండి. డిసెంబరు, జనవరి రాత్రులు అక్కడ 10 డిగ్రీల కిందకు కూడా పోతాయి. ఆ చలి ముదిరేలోపు తొలి గెలలు పిందె పట్టి ఉండాలి.

కోస్తా జిల్లాలు: సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 10 వరకు విత్తండి. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. లేత నారుతో ట్రేలు చేతిలో ఉంటే వరండాలోకి లాగవచ్చు. నాటేసిన మొక్కలను లాగలేం.

నెల్లూరు, తిరుపతి వైపు: ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడేది ఇక్కడే. అక్టోబరు చివర విత్తి, వానలు నెమ్మదించాక నాటడం మేలు.

మదనపల్లె రైతులు వేసవిలో కూడా టమాటా పండిస్తున్నారు కదా అని అడుగుతుంటారు. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రులు చల్లబడతాయి. వాళ్ల క్యాలెండర్ మైదానాల్లోని మేడలకు పనికిరాదు.

ఆలస్యమై డిసెంబరు, జనవరిలో విత్తేవారు మామూలు రకాల జోలికి వెళ్లవద్దు. రాత్రి వేడిలో కూడా పిందె పట్టే గుణంతో తయారైనవి కొన్ని ఉన్నాయి. పూసా సదాబహార్, పూసా హైబ్రిడ్-1 అలాంటివి. చెర్రీ టమాటాలు కూడా పెద్ద కాయల రకాల కంటే వేడిని బాగా ఓర్చుకుంటాయి.

3. పొదా, తీగా? మీ కుండీని బట్టి తేల్చండి

టమాటాలో పెరిగే తీరును బట్టి మూడు రకాలున్నాయి.

పొద రకాలు మూడు అడుగుల లోపు పెరిగి, కొస పూతతో ఆగిపోతాయి. కాయలు దాదాపు ఒకేసారి, నాలుగైదు వారాల్లో వచ్చేస్తాయి. ప్యాకెట్ మీద వీటిని డిటర్మినేట్ అంటారు.

తీగ రకాలు ఆగకుండా పెరుగుతాయి. ఆరేడు అడుగులు పోతాయి. వారం వారం కొద్దికొద్దిగా, నెలల తరబడి కాస్తాయి. వీటిని ఇన్‌డిటర్మినేట్ అంటారు.

మధ్య రకాలు రెండింటి నడుమ ఉంటాయి. నాలుగడుగుల దాకా పోయి నెమ్మదిస్తాయి. వీటిని సెమీ డిటర్మినేట్ అంటారు. మొదటిసారి పెట్టేవారికి నేను ఇవే చెబుతాను.

కుండీ సైజు:

– పొద రకానికి 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు బ్యాగు చాలు. సుమారు 20 లీటర్ల మట్టి పడుతుంది.
– మధ్య రకానికి కూడా ఇదే సరిపోతుంది. 15 అంగుళాలది దొరికితే మరీ మంచిది.
– తీగ రకానికి 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉండాల్సిందే. 40 లీటర్ల పైన మట్టి పడుతుంది.
– 9 అంగుళాల బ్యాగులో పెద్ద కాయల టమాటా ఏదీ పెట్టవద్దు.

చిన్న బ్యాగులో తీగ రకం పెడితే మొక్క బతుకుతుంది కానీ నీళ్లు ఒక్కపూట తప్పినా వాడుతుంది. ఆ ఎద్దడికి కాయ అడుగు నల్లబడుతుంది. జనం దాన్ని తెగులనుకుని మందులు కొడతారు. అసలు కారణం నీళ్ల హెచ్చుతగ్గుల వల్ల కాయకు కాల్షియం అందకపోవడం. పొడుగు కాయల రకాల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

ఇంకొక మాట. తీగ రకాల్లో ఆకు మొదట్లో వచ్చే పక్క పిలకలు గిల్లాలి. పొద రకాల్లో గిల్లకూడదు, ఎందుకంటే పంట ఆ కొమ్మల మీదే వస్తుంది. నా మొదటి ఏడాది ఇది తెలియక పీకేఎం-1 అనే పొద రకం మొక్కలన్నింటికీ శ్రద్ధగా పిలకలు గిల్లేశాను. మొక్కకు పది కాయలు కూడా రాలేదు. రకం పెరిగే తీరు తెలుసుకోవడం ఎంత అవసరమో అప్పుడు నాకు అర్థమైంది.

4. వంటింటి నుంచి వెనక్కి రండి

మార్కెట్‌లో కొనేటప్పుడు కూడా మనం "నాటువా, బెంగళూరువా" అని అడుగుతాం. పెంచేటప్పుడు ఆ ప్రశ్నే మర్చిపోతాం.

చారుకు, పప్పుకు: పుల్లగా, రసం ఎక్కువగా, తోలు పల్చగా ఉండాలి. గాడులు పడ్డ, చదునుగా ఉండే నాటు కాయలు, పూసా రూబీ, పీకేఎం-1 ఈ పనికి సరిపోతాయి. గట్టి హైబ్రిడ్ కాయలతో చారు పెడితే చింతపండు పెంచుకోవాల్సి వస్తుంది.

నిల్వ పచ్చడికి, ఒరుగులకు: కండ ఎక్కువ, గింజ తక్కువ ఉండాలి. ఉప్పులో ఊరేసి ఎండబెట్టేటప్పుడు రసం కాయలు త్వరగా ఆరవు, బూజు భయం. అర్కా సౌరభ్, రోమా లాంటి కండ కాయలు పెట్టండి. ఇంకొక ముఖ్యమైన సంగతి, పచ్చడికి ఒకేసారి నాలుగైదు కిలోలు కావాలి. అందుకని పొద లేదా మధ్య రకమే, ఒకే రోజున కనీసం ఆరు మొక్కలు నాటాలి. తీగ రకం రెండు మొక్కలు పెట్టి పచ్చడి పట్టాలనుకుంటే మొదటి కాయలు కుళ్లేసరికి చివరివి పండవు.

కూరలకు, గ్రేవీకి: గుండ్రటి గట్టి కాయ. అర్కా రక్షక్, అర్కా సామ్రాట్ లాంటి హైబ్రిడ్లు సుఖం. కోసిన తర్వాత రెండు వారాల దాకా నిలుస్తాయి.

పచ్చి టమాటా పచ్చడికి, పప్పుకు: దీనికి వేరే రకం అక్కర్లేదు. మార్చిలో ఎండలు ముదిరి మొక్క తీసేయాల్సి వచ్చినప్పుడు మిగిలిన పచ్చి కాయలన్నీ దీనికే వాడండి.

పిల్లలు కోసుకు తినడానికి: చెర్రీ టమాటా ఒక్క మొక్క చాలు. రెండు మొక్కలు పెడితే కోయడమే పనవుతుంది.

భుజాల దగ్గర ముదురాకుపచ్చ ఉన్న కాయలను చాలామంది నాసిరకం అనుకుంటారు. అది నిజం కాదు. కాయంతా ఒకే రంగులో పండాలని ఎంపిక చేస్తూ వచ్చిన రకాల్లో, కాయలో పత్రహరితాన్ని పెంచే ఒక జన్యువు పనిచేయకుండా పోయిందని, దానివల్ల కాయలో చక్కెర తగ్గిందని 2012లో శాస్త్రవేత్తలు చూపించారు. రుచి కోసం పెంచేవారు ఆకుపచ్చ భుజం ఉన్న రకాన్ని కనీసం ఒకటి పెట్టుకోండి.

5. నిరుడు మొక్కలు దేనితో పోయాయో తేల్చండి

"తెగులు వచ్చి పోయింది" అంటే సరిపోదు. ఏ తెగులో తెలిస్తేనే దాన్ని తట్టుకునే రకం వెతకగలం.

ఆకుముడత వైరస్: కొస ఆకులు చిన్నవై, పైకి ముడుచుకుని, అంచులు పసుపు తిరుగుతాయి. మొక్క గిడసబారుతుంది, కాయ పట్టదు. దీన్ని తెల్లదోమ మోస్తుంది. ఫిబ్రవరి నుంచి ఎండలతోపాటు పెరుగుతుంది. ఒక ఏడాది మా మేడ మీద మూడు వారాల్లో పద్నాలుగు మొక్కలు దీనికే పోయాయి. అర్కా రక్షక్, అర్కా సామ్రాట్, అర్కా అనన్య, అర్కా అభేద్ దీన్ని తట్టుకునే హైబ్రిడ్లు.

బాక్టీరియా ఎండు తెగులు: పచ్చగా ఉన్న మొక్క పచ్చగానే రెండు రోజుల్లో వాలిపోతుంది. నీళ్లు పోసినా లేవదు. పరీక్ష తేలిక. కాండాన్ని మొదట్లో కోసి, ఆ కోసిన కొసను గాజు గ్లాసు నీళ్లలో తాకేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాల చారలా తెల్లటి ద్రవం దిగితే ఇదే. ఆ మట్టిలో మామూలు రకాల టమాటా, వంకాయ, మిర్చి మళ్లీ పెట్టవద్దు. అర్కా ఆభా, అర్కా అలోక్ అనే సూటి రకాలు (గింజ దాచి మళ్లీ విత్తుకోగలిగేవి), పైన చెప్పిన నాలుగు హైబ్రిడ్లు దీన్ని తట్టుకుంటాయి.

ఆకుమాడు తెగులు: కింది ఆకుల మీద గుండ్రటి గోధుమ మచ్చలు, లోపల వలయాలు. వానల్లో, మంచులో ఎక్కువ. అర్కా రక్షక్, అర్కా సామ్రాట్ దీనికీ తట్టుకుంటాయి. అర్కా అభేద్ వీటితోపాటు చలిలో, మంచులో వచ్చే లేట్ బ్లైట్ అనే మరో తెగులును కూడా తట్టుకుంటుంది.

వేరుబొడిపెల నులిపురుగు: మొక్క పెరగదు, మధ్యాహ్నం వాలి సాయంత్రం లేస్తుంది. పీకి చూస్తే వేళ్లంతా బొడిపెలు. పాత మట్టిని మార్చకుండా వాడేవారికి ఇది సాధారణం. హిస్సార్ లలిత్ దీన్ని తట్టుకునే రకం. దొరకకపోతే ఆ బ్యాగులో ఈ సీజన్ బంతి పెట్టి, టమాటాను కొత్త మట్టిలోకి మార్చండి.

మొవ్వు ఎండిపోవడం: లేత ఆకులు రాగి రంగు తిరిగి, మొవ్వు నల్లబడి ఎండుతుంది. పండు మీద వలయాలు పడతాయి. ఇది తామర పురుగులు మోసే వైరస్. ఆకుముడతను తట్టుకునే రకం దీన్ని కూడా తట్టుకుంటుందని అనుకోకండి, రెండూ వేర్వేరు వైరస్‌లు. దీనికి రకం మీద ఆధారపడకుండా నారును సన్నటి నెట్ కింద పెంచడం, జిగురు అట్టలు కట్టడం, సోకిన మొక్కను వెంటనే తీసేయడం చేయాలి.

తట్టుకోవడం అంటే అసలు రాకపోవడం కాదు. తెగులు ఒత్తిడి ఉన్నా మొక్క నిలబడి కాపు ఇస్తుందని అర్థం.

6. నాటు, సూటి రకం, హైబ్రిడ్: తేడా ఎక్కడ?

సూటి రకాలు తరం నుంచి తరానికి అదే గుణంతో వస్తాయి. పూసా రూబీ, పీకేఎం-1, అర్కా వికాస్ ఇలాంటివి. టమాటా పువ్వు ఎక్కువగా తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది కాబట్టి ఇంట్లో విత్తనం దాచుకోవడం సులువు.

హైబ్రిడ్లు రెండు వేరు వేరు తల్లిదండ్రుల మొదటి తరం. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటుంది. తెగుళ్లను తట్టుకోవడంలో, దిగుబడిలో ముందుంటాయి. వాటి గింజ దాచి మళ్లీ విత్తితే మొక్కలన్నీ తలోరకంగా వస్తాయి.

నాటు అని మనం పిలిచేవి ఊళ్లలో తరతరాలుగా విత్తనం తీసి పెంచుకుంటున్నవి. రుచి గొప్పగా ఉంటుంది. తెగులు తట్టుకునే శక్తి ఒక్కో ఊరి విత్తనానికి ఒక్కోలా ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ మేడ మీద ఆకుముడత రెండేళ్లు వరుసగా వచ్చి ఉంటే, ఈ ఏడాది కుండీల్లో సగమైనా హైబ్రిడ్‌కు ఇవ్వండి. తెగుళ్ల బెడద లేకపోతే సూటి రకాలే పెట్టండి. రుచి, విత్తనం రెండూ మీవవుతాయి.

7. ఏ రకం ఎవరికి?

పూసా రూబీ: ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రకం. తొందరగా, నాటిన 60 నుంచి 65 రోజులకు కోతకు వస్తుంది. కాయ చదునుగా, కొద్దిగా గాడులతో, పుల్లగా ఉంటుంది. తెగుళ్లకు లొంగుతుంది. చల్లటి నెలలకే పరిమితం చేయండి.

పీకేఎం-1: తమిళనాడు పెరియకుళంలో అన్నాంజి అనే స్థానిక రకం నుంచి వచ్చింది. పొద రకం, ఆకుపచ్చ భుజాలు, చక్కటి పులుపు. నీళ్లు కాస్త తగ్గినా ఓర్చుకుంటుంది. చారు ఇష్టపడే ఇంటికి నా మొదటి సలహా ఇదే. ఆకుముడత ఉన్నచోట మాత్రం, ముందే నాటి జనవరి చివరికల్లా కోసేయగలిగితేనే పెట్టండి.

అర్కా వికాస్: బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రకం. 80 నుంచి 90 గ్రాముల కాయ, లేతాకుపచ్చ భుజం. నీటి ఎద్దడిని, వేడిని కొంత ఓర్చుకుంటుంది.

అర్కా మేఘాలి: అదే సంస్థది. వర్షాధారంగా పండించడానికి రూపొందించినది. రోజూ నీళ్లు పోయడం కుదరని ఉద్యోగులకు దీన్ని సూచిస్తాను. కాయ 65 గ్రాముల దాకా ఉంటుంది.

అర్కా రక్షక్: ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్. మధ్య రకం, 90 నుంచి 100 గ్రాముల గట్టి ఎర్రటి కాయ. మొక్కకు 18 కిలోలు కాసిందన్న వార్త చూసి దీన్ని పెట్టేవారున్నారు. అది పొలంలో, డ్రిప్‌తో, పూర్తి పోషకాలతో వచ్చిన మాట. మా మేడ మీద 12 అంగుళాల బ్యాగులో మొక్కకు మూడు కిలోలు వస్తే నేను సంతోషిస్తాను.

అర్కా సౌరభ్: కొసదేలిన కండ కాయ, లోపల ముదురెరుపు. నిల్వ పచ్చడికి.

చెర్రీ రకాలు: చాలావరకు తీగ రకాలే. పెద్ద బ్యాగు, పొడవాటి ఊత సిద్ధం చేసుకున్నాకే విత్తండి.

నలుపు, ఊదా, చారల విదేశీ రకాల గురించి చాలామంది అడుగుతారు. పెట్టండి, కానీ ఒక్క బ్యాగులోనే. వాటిలో చాలావరకు చల్లటి దేశాల్లో ఎంపికైన పొడవాటి తీగలు. మన ఆకుముడతను తట్టుకునే గుణం వాటికి సాధారణంగా ఉండదు. ఆన్‌లైన్‌లో ఒకచోట కొన్న నల్ల టమాటా విత్తనం నాకు మామూలు ఎర్ర కాయలే కాసింది. నాలుగు నెలలు నీళ్లు పోశాక ఆ సంగతి తెలిసింది. అందుకే తర్వాతి అంచె వచ్చింది.

8. ప్యాకెట్ చదవడం నేర్చుకోండి

బొమ్మ వదిలేసి వెనక్కి తిప్పండి. ఇవి ఉన్నాయో లేదో చూడండి:

– రకం పేరు. "టమాటా", "హైబ్రిడ్ టమాటా" అని మాత్రమే ఉంటే కొనవద్దు.
– పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ. పరీక్ష తేదీ నుంచి మొదటి గడువు తొమ్మిది నెలలు ఉంటుంది.
– మొలక శాతం. టమాటాకు కనీసం 70 ఉండాలి.
– లాట్ నంబరు, కంపెనీ చిరునామా.
– మొక్క తీరు: పొద, మధ్య, తీగ.
– తట్టుకునే తెగుళ్ల పేర్లు లేదా పొడి అక్షరాలు. టీవైఎల్‌సీవీ లేదా టీఓఎల్‌సీవీ అంటే ఆకుముడత, బీడబ్ల్యూ అంటే బాక్టీరియా ఎండు తెగులు, ఎన్ అంటే నులిపురుగు, ఎఫ్ అంటే ఫ్యుజేరియం ఎండు తెగులు, వీ అంటే వర్టిసీలియం ఎండు తెగులు.

ట్యాగ్ రంగు కూడా సమాచారమే. నీలం ట్యాగ్ ఉంటే ధ్రువీకరించిన విత్తనం. లేతాకుపచ్చ లేబుల్ ఉంటే కంపెనీ తన మాట మీద అమ్ముతున్నది.

అర్కా రకాలు కావాలంటే బెంగళూరు సంస్థ ఆన్‌లైన్ విత్తన పోర్టల్‌లో నేరుగా తెప్పించుకోవచ్చు. జూలైలోనే ఆర్డరు పెట్టండి. సీజన్ మొదలయ్యాక స్టాకు అయిపోతే టెన్షన్ పడాల్సి వస్తుంది. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో కూడా అడిగి చూడండి.

విత్తనం గులాబీ రంగులోనో నీలంగానో ఉంటే మందు పట్టించినది. చేతులు కడుక్కోండి, పిల్లలకు అందకుండా ఉంచండి.

9. విత్తే ముందు మొలక పరీక్ష

పది గింజలు తడి గుడ్డలో మడిచి, మూత ఉన్న డబ్బాలో నీడన ఉంచండి. ఐదో రోజు నుంచి చూడండి. ఎనిమిదో రోజుకు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి.

– ఎనిమిది లేదా పైన: లెక్కకు రెండు గింజలు అదనంగా విత్తితే చాలు.
– ఐదు నుంచి ఏడు: రెట్టింపు విత్తండి.
– ఐదు లోపు: వేరే ప్యాకెట్ తెచ్చుకోండి.

గ్రాము టమాటా విత్తనంలో సుమారు 300 గింజలు ఉంటాయి. పది బ్యాగుల ఇంటికి గ్రాము కూడా ఎక్కువే. ఇద్దరు ముగ్గురు కలిసి కొని పంచుకుంటే ఒకే ఖర్చుతో మూడు రకాలు వస్తాయి.

10. చివరి జాబితా: మూడు రకాలే

ఇప్పుడు పేర్లు రాయండి. ఎన్ని బ్యాగులున్నా మొదటి మూడేళ్లు మూడు రకాలు మించవద్దని నా మాట. ఒకటి నమ్మకానికి, ఒకటి వంటింటికి, ఒకటి ప్రయోగానికి. పది బ్యాగులుంటే వరుసగా ఐదు, నాలుగు, ఒకటి చొప్పున ఇవ్వండి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ మేడ, నిరుడు ఆకుముడత వచ్చింది, చారు ఎక్కువ: అర్కా రక్షక్ ఐదు, పీకేఎం-1 నాలుగు, చెర్రీ ఒకటి. పీకేఎం-1ను ముందు నాటి, జనవరి చివరికల్లా కోసేయాలి. తెల్లదోమ పెరిగే నాటికి అది తోటలో ఉండకూడదు.

రాజమండ్రి పెరడు, నేలలో మొక్కలు వాలిపోయిన చరిత్ర ఉంది: అర్కా అభేద్ లేదా అర్కా సామ్రాట్ ఐదు, అర్కా ఆభా నాలుగు. ప్రయోగానికి పెట్టేది ఏదైనా కొత్త మట్టితో విడిగా బ్యాగులో పెట్టండి.

నిల్వ పచ్చడి కోసమే పెంచే ఇల్లు: అర్కా సౌరభ్ లేదా రోమా ఎనిమిది, ఒకే రోజున. మిగిలిన రెండు బ్యాగుల్లో రోజువారీ కూరకు అర్కా వికాస్.

11. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

మార్కెట్ పండులోని గింజలు విత్తడం. మార్కెట్‌లో దొరికేవి చాలావరకు హైబ్రిడ్లు. మొలుస్తాయి, ఏం కాస్తాయో చెప్పలేం. ఇప్పటికే విత్తి ఉంటే రెండు మొక్కలు ఉంచి మిగతావి తీసేయండి.

నర్సరీ నారు పేరు అడగకుండా తేవడం. కనీసం పొదా తీగా అన్నది అడగండి. పేరు తెలియని నారును పెద్ద బ్యాగులో నాటితే ఏదైనా ఇబ్బంది ఉండదు. ఆకులు ముడుచుకున్న నారు ఎంత చవకైనా తేవద్దు, వైరస్ దానితోపాటు మీ మేడ ఎక్కుతుంది.

అన్నీ ఒకేరోజు విత్తడం. పచ్చడి రకం తప్ప మిగతావి 20 రోజుల తేడాతో రెండు విడతలుగా విత్తండి. ఒక విడత వానకు పోయినా రెండోది ఉంటుంది.

పూత రాలగానే రకం మంచిది కాదనుకోవడం. ముందు రాత్రి వేడి చూడండి. తర్వాత నత్రజని చూడండి. పశువుల ఎరువు, వర్మికంపోస్ట్ దట్టించిన బ్యాగులో మొక్క నల్లగా ఏపుగా పెరిగి పూత నిలపదు. ఎరువు ఆపి, పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య పూగుత్తులను మెల్లగా తట్టండి. పుప్పొడి రాలి పిందె పడుతుంది.

మార్చి కాయలు నారింజ రంగులో ఉన్నాయని విత్తనాన్ని తిట్టుకోవడం. 30 డిగ్రీలు దాటితే కాయలో ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాదు. రంగు తిరగడం మొదలవగానే కోసి ఇంట్లో నీడన పండించండి.

వానకు కాయలు పగలడం. పల్చటి తోలు నాటు రకాలకు, చెర్రీకి ఇది సహజం. వాన సూచన ఉంటే సగం రంగు తిరిగిన కాయలు ముందురోజే కోసేయండి. ఎండిన బ్యాగుకు ఒక్కసారిగా నీళ్లు దట్టంగా పోసినా ఇదే జరుగుతుంది.

12. వచ్చే ఏడాది ఎంపిక ఈ ఏడాదే మొదలవుతుంది

ప్రతి బ్యాగుకూ రకం పేరు, నాటిన తేదీ రాసిన పలక గుచ్చండి. మార్కర్ రాత ఎండకు రెండు నెలల్లో పోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. ఒక నోటు పుస్తకంలో రకం వారీగా ఇవి రాసుకోండి:

– తొలి పూత తేదీ, తొలి పండు తేదీ
– మొత్తం ఎన్ని కిలోలు (వంటింటి తూకం చాలు)
– ఏ తెగులు, ఏ నెలలో
– చారులో, పచ్చడిలో, కూరలో ఇంట్లో వాళ్ల మాట

సూటి రకాల్లో ఆరోగ్యంగా ఉండి బాగా కాసిన మొక్కకు డిసెంబరులోనే ఒక ఎర్ర దారం కట్టండి. దాని రెండో, మూడో గెల కాయలు బాగా పండనిచ్చి, గుజ్జుతో సహా గింజలు గ్లాసులో వేసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తేలినవి పారబోసి, అడుగున ఉన్నవి కడిగి, నీడలో పళ్లెం మీద ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతాయి. వారం తర్వాత సీసాలో పోసి, రకం పేరు, నెల, ఏడాది రాసిన చీటీ లోపలే వేయండి. పైన అంటించినది ఊడిపోతుంది.